కొండనడిమి చెరువును కాపాడుట యెవరి పని?

(సంఘ సభ్యుల యధ్యయనమునకై పాఠము)



చాగలమర్రి పొలములలో నిలిచి తూర్పుదిక్కు చూచినచో నల్లమల కొండలు నీలిగోడవలె కనబడును. ఆ గోడకు ఈవల మనము. ఆవల పోరుమామిళ్ల, గిద్దలూరు, కంభము ప్రాంతముల రైతులు. మనకు సేద్యపునీరు ముఖ్యముగా కర్నూలు–కడప కాలువవలన లభించుచున్నది. ఆవలివారిలో అనేకులకు కొండల నడుమ కట్టిన చెరువులే ఆధారము.

2020వ సంవత్సరమున అంతర్జాతీయ నీటిపారుదల సంస్థవారు మన దేశమునుండి నాలుగు కట్టడములను ప్రపంచ వారసత్వ సేద్యపు కట్టడములుగా గుర్తించిరి. వానిలో మూడు మనకు ఇరుగుపొరుగువే: మన కాలువ, కంభము చెరువు, పోరుమామిళ్ల చెరువు. నాలుగవది ఉత్తరప్రదేశములోని ధుక్వాన్ ఆనకట్ట. ఈ గౌరవమునకు సంతసింపవలసినదే. కాని బిరుదుపలక నాటినంతమాత్రమున చెరువులో పూడిక తగ్గదు, తూము కారుట మానదు. కావున ఈ మాసపు పాఠమునందు మూడు సంగతులు విచారింతము. కొండనడిమి చెరువు ఎట్లు బ్రతుకును? ఎట్లు చచ్చును? దానిని కాపాడుటలో ప్రభుత్వము చేయదగిన దేది, రైతు చేయదగిన దేది?

1. కంభము చెరువు

నంద్యాలనుండి గుంటూరు పోవు రైలు నల్లమల దాటి, గిద్దలూరు మీదుగా కంభము చేరును. ఆ యూరి చెంత రెండు కొండల నడుమ సందు కలదు. గుండ్లకమ్మ నది ఆ సందులోనుండి పారుచుండెడిది. ఆ సందునకు అడ్డముగా కట్ట కట్టి నీటిని నిలిపినదే కంభము చెరువు. గజపతి కుమార్తెయు, శ్రీకృష్ణదేవరాయల దేవియు నగు వరదరాజమ్మ దీనిని కట్టించెనని ప్రసిద్ధి. కట్ట యెత్తు సుమారు 57 అడుగులు. చెరువు పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర కిలోమీటర్లు. దీనికి నీరు చేర్చు పరీవాహక ప్రదేశము 430 చదరపు మైళ్లు. నేరుగా పారు ఆయకట్టు సుమారు 10,300 ఎకరములు. మనుష్యులు చేసిన చెరువులలో ఆసియాఖండమునందే ప్రాచీనమైన వానిలో నొకటిగా దీనిని చెప్పుదురు. మూడువైపుల కొండలు, నడుమ నీరు, నీటిపై పక్షులు: ఎండకాలమున చూచిన కన్నులకును చల్లదన మిచ్చు చోటు.

ఇక్కడ మన మొక సంగతి గమనింపవలెను. ఆ గుండ్లకమ్మ పుట్టినచోటు నల్లమల యడవిలోని గుండ్ల బ్రహ్మేశ్వరము. చెరువు ఆయకట్టు ఒక చోట, దాని తల్లినీరు పుట్టునది వేరొక చోట. పూర్వము కంభమును మనమును ఒకే కర్నూలు జిల్లాలో నుంటిమి. 1970లో కంభము క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో చేరెను. 2022లో మనము నంద్యాల జిల్లావారమైతిమి. మనుష్యులు గీచిన గీతలు మారినవి గాని కొండ వాలు మారలేదు. నీరు ఏ కలెక్టరుగారి కచేరీని అడిగి పారునది కాదు. కొండపై ఈవల చెట్టు కొట్టినచో ఆవల చెరువులో మట్టి చేరును. కావున ఆ చెరువు వారి దనుకొని మనము చేతులు కడుగుకొనుటకు వీలులేదు.

2. పోరుమామిళ్ల శాసనము చెప్పు నీతి

పోరుమామిళ్ల చెరువునకు అనంతరాజసాగర మని పేరు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూర నామాంతరము గలవాడు, ఉదయగిరినుండి ఏలుచు 1369లో దీనిని కట్టించెను. అచ్చటి భైరవాలయము కడ నిలిపిన సంస్కృత శాసనము చెరువు కట్టు శాస్త్రమునకు పాఠ్యపుస్తకము వంటిది. ప్రతిదినము వేయిమంది పనివారు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టెనని అందున్నది.

మంచి చెరువునకు పండ్రెండు అంగము లుండవలెనని ఆ శాసనము చెప్పును. వాని భావము మన మాటలలో నిట్లుండును:

1. ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తి కోరువాడు నగు ప్రభువు.
2. జలశాస్త్ర మెరిగిన పండితుడు.
3. గట్టి మట్టి గల నేల.
4. దూరమునుండి వచ్చు తీయని నీటి యేరు.
5. చెరువును తాకియుండు కొండలు.
6. ఆ కొండల నడుమ గట్టి రాతితో, మిక్కిలి పొడవు గాక, దృఢముగా నుండు కట్ట.
7. కట్ట కొనలయందు పంటనేల వైపునకు తిరుగక యుండు కొండకొమ్ములు.
8. విశాలమై లోతైన గర్భము.
9. నిడుపైన తిన్నని రాళ్లు దొరకు గని.
10. చెంతనే సమముగా నుండి ఫలమిచ్చు పొలములు.
11. కొండయొక్క ఉనికివలన సుడి తిరుగుచు వడిగా పారు నీటిదారి.
12. పనియందు నేర్పరులైన పనివారి గుంపు.

చూచితిరా? ఈ జాబితా ప్రభువుతో మొదలై పనివారితో ముగియుచున్నది. రాయి, మట్టి, నీరు, కొండ అన్నియు నడుమ నున్నవి. మొదటను చివరను మనుష్యులు గట్టిగా పట్టుకొననిచో నడుమనున్న దేదియు నిలువదని దీనినుండి మనము గ్రహింపవచ్చును.

తరువాత ఆ శాసనము చెరువునకు ఆరు దోషములను చెప్పును: కట్టలోనుండి నీరు ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై పారవలసిన నేల విస్తారమగుట, నీరు విస్తారమై నేల కొంచెమగుట.

ఈ యారింటిలో అయిదు దోషములు నేలకును, నీటికిని, కట్టకును సంబంధించినవి. మూడవది మాత్రము పరిపాలనకు సంబంధించినది. ఆరువందల యేబదియేండ్లకు పూర్వమే మన పెద్దలు, రెండు రాజ్యముల నడుమనున్న చెరువు బాగుపడదని, కట్ట ఊరుటతో సమానమైన దోషముగా దానిని ఎంచిరి. కారణము స్పష్టమే. గండి పడినప్పుడు ఈ రాజు ఆ రాజు పూడ్చునని చూచును, ఆ రాజు ఈ రాజు పూడ్చునని చూచును. నీరు నిండినప్పుడు మాత్రము ఇద్దరును తూము కడకు వత్తురు.

3. నేటి పొలిమేరలు

నేడు మనకు అట్టి రెండు రాజ్యములు లేవు గదా యని మీరనవచ్చును. కాని ఒక్క చెరువు చుట్టును నడిచి చూడుడు. కొండయు అడవియు అటవీశాఖవారివి. నల్లమలలో పెద్దభాగము 1983నుండి పులుల సంరక్షణ క్షేత్రములో నున్నది. గుండ్ల బ్రహ్మేశ్వరము 1990లో అభయారణ్యమైనది. చెరువు గర్భపు నేల రెవెన్యూవారి లెక్కలో నుండును. కట్ట, తూము, అలుగు నీటిపారుదల శాఖవారివి. ఊరి మురుగు పంచాయతీవారిది. చేపలు మరియొక శాఖవారి విచారణలో నుండును. ఆయకట్టు రైతులది. ఇట్లు ఒకే జిల్లాలో, ఒకే ప్రభుత్వము క్రింద నున్న చెరువును ఆరు పొలిమేరల నడుమ నున్నట్లే యగుచున్నది. శాసనములోని మూడవ దోషము రూపము మార్చుకొన్నదే గాని తొలగిపోలేదు.

కావున ప్రభుత్వ సహకార మనగా ప్రభుత్వము ధన మిచ్చుట మాత్రమే కాదు. ప్రభుత్వపు శాఖలు తమలో తాము కలిసి పనిచేయుట మొదటి మెట్టు. అవి రైతులతో కలిసి పనిచేయుట రెండవ మెట్టు. మొదటి మెట్టు లేనిదే రెండవది నిలువదు. రైతు ఒక కచేరీనుండి మరియొక కచేరీకి తిరిగి తిరిగి విసిగి, తుదకు కట్టను మరచిపోవును.

4. చెరువు చచ్చు విధము

చెరువునకు మొదటి శత్రువు పూడిక. దానిని లెక్కతో తెలిసికొందము. నూరెకరముల గర్భము గల చిన్న చెరువు ననుకొనుడు. ఏటేట ఒక్క అంగుళము మందము ఒండ్రు చేరె ననుకొనుడు. నూరెకరములపై అంగుళము మట్టి యనగా సుమారు 8 ఎకర–అడుగుల పై చిల్లర నీటికి చోటు పోయినదని యర్థము. ఎకరము వరికి నాలుగడుగుల నీరు కావలెనని పెట్టుకొన్నచో, ఏటికి రెండెకరముల వరి పోయినది. ఇరువదియైదేండ్లలో ఏబది యెకరముల పైగా పోవును. ఎవరును దోచుకొనలేదు, గండి పడలేదు, వాన తగ్గలేదు. అయినను ఆయకట్టు చివరనున్న ఏబది యెకరముల రైతు బీడు దున్నుకొనుచున్నాడు. తన దురదృష్టమని యేడ్చుచున్నాడు గాని అది దురదృష్టము గాదు, అంగుళపు లెక్క.

ఆ యొక్క యేటి పూడికను తీయుటకు ఎంత పని పట్టునో చూడుడు. అది 3,63,000 ఘనపుటడుగుల మట్టి. నూరు ఘనపుటడుగులు పట్టు ట్రాక్టరు తొట్టితో తోలినను 3,630 తడవలు తోలవలెను. ఇది యొక యేటి మట్టి మాత్రమే. దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. రైతులు మాత్రమే ఈ బరువు మోయలేరు. ప్రభుత్వము మాత్రమే ఏటేట దీనిని మోయుచుండుటయు కష్టము. మట్టి చెరువులోనికి రాకముందే కొండమీద నిలుపుటయే అన్నిటికంటె చవుకైన పూడికతీత. కొండవాలున చెట్టు, గడ్డి, పొద నిలిచియున్నచో వానచినుకు నేలను కొట్టదు. నీరు మెల్లగా ఇంకి తేటగా దిగును. అడవి తగులబడి కొండ బోడియైనచో ఆ నీరే ఎఱ్ఱగా ఉరుకును. అడవి కాపరి యొక్కడు కాపాడిన చెట్టు, దిగువను వందల బండ్ల మట్టిని ఆపును.

రెండవ శత్రువు ఆక్రమణ. నీరు తగ్గినప్పుడు బయటపడిన నేల సారవంతముగా నుండును. మొదట ఒకడు దోస విత్తును. తరువాత గట్టు వేయును. తరువాత బోరు వేయును. పిమ్మట చెరువు నిండినచో తన పంట మునుగునని, రాత్రివేళ అలుగు కొట్టుటకో తూము తెరచుటకో పూనుకొనును. చెరువు నిండవలెనని కోరువానికిని, నిండకూడదని కోరువానికిని ఒకే యూరిలో పగ పుట్టును.

మూడవది మురుగు. ఊరి కాలువలు, చెత్త, ఎరువుల యవశేషములు చెరువులో చేరినచో నాచు పెరిగి, నీటిలోని ప్రాణవాయువు తగ్గి, చేపలు చచ్చును. పశువులు త్రాగు నీరు చెడును.

నాలుగవది కట్టమీది నిర్లక్ష్యము. కట్టపై సర్కారుతుమ్మ పెరిగి, వేళ్లు లోనికి చొచ్చి, ఆ చెట్టు చచ్చినప్పుడు కుళ్లిన వేళ్ల వెంట నీరు దారి చేసికొనును. ఎలుక బొరియలు, ఎండ్రకాయ తొలులు అట్టివే.

5. పూర్వపు ఏర్పాట్లు

మన పెద్దలు చెరువును కట్టి విడిచిపెట్టలేదు. దానిని బాగుచేయుటకు జీతమును గూడ నేర్పరచిరి. చెరువు త్రవ్వించినవానికి, బాగుచేయువానికి దశబంధపు మాన్యము లిచ్చెడివారు. దాని ఆదాయము తినువాడు చెరువు బాగోగులు చూడవలెను. నీరుగంటి తూము తలుపులు తీసి వేయుచు, పొలము పొలమునకు వంతు ప్రకారము నీరు పెట్టుచు, పంటలో మేర పుచ్చుకొనెడివాడు. ఇంటింటినుండి మనిషి చొప్పున కాలువలు తీయుట, కట్టపై మట్టి వేయుట యను ఆచారము కుడిమరామత్తు. గండిపడు ప్రమాదము వచ్చినప్పుడు పనికి రానివారిని శిక్షించుటకై చెన్నపట్టణపు ప్రభుత్వము 1858లో చట్టమును గూడ చేసెను.

ఆ యేర్పాటులన్నియు మంచివే యని మన మనరాదు. వెట్టిచాకిరీ బీదలపైననే పడుచుండెను. నీరు మాత్రము బలవంతుని పొలమునకు ముందు పారుచుండెను. ఐనను వానిలో నొక గుణము కలదు: ప్రతిపనికి పూచీదారు డెవరో ఊరందరికి తెలియును. ఆ యేర్పాటులు సడలి, చెరువు సర్కారుదని పేరు వచ్చిన పిమ్మట, అది అందరిదియు గాక, ఎవరిదియు గాక పోయినది. వెట్టి మరల రానక్కరలేదు. పూచీ మాత్రము మరల రావలెను.

6. దూరదేశపు దృష్టాంతము

అమెరికా దేశమున కాలిఫోర్నియా, నెవాడా యను రెండు రాష్ట్రముల పొలిమేరపై తాహో యను కొండనడిమి సరస్సు కలదు. అది సముద్రమట్టమునకు 6,225 అడుగుల యెత్తున నున్నది. లోతు 1,645 అడుగులు. సరస్సులో పెద్దపాలు ఒక రాష్ట్రమున, చిన్నపాలు మరియొక రాష్ట్రమున నున్నవి. మన శాసనము చెప్పిన మూడవ దోషమునకు ఇంతకంటె సరియైన యుదాహరణము దొరకదు.

ఆ సరస్సు నీటి తేటను కొలుచుటకు ఒక సులభమైన పద్ధతి గలదు. తెల్లని పళ్లెమును త్రాట కట్టి నీటిలోనికి దింపుచు, అది కనబడకపోవు లోతును వ్రాసికొందురు. 1968లో ఆ పళ్లెము సుమారు 100 అడుగుల లోతువరకు కనబడెను. ఒడ్డున ఇండ్లు, బాటలు, వినోదశాలలు పెరిగి, సన్నని మట్టియు నాచును చేరగా, 1997 నాటికి 64 అడుగులకు దిగెను.

ఇది చూచి ఒక రాష్ట్రము మాత్రమే కట్టుదిట్టము చేసినచో ఫలము లేదు గదా! కావున రెండు రాష్ట్రములును ఒప్పందము చేసికొనెను. 1969లో దేశపు కాంగ్రెసు దాని నామోదించెను. రెండింటికిని కలిపి ఒక సంస్థ ఏర్పడెను. ఒప్పందమునందలి లోపములను చూచి 1980లో దానిని సవరించి గట్టిచేసిరి. ఒడ్డున ఎచ్చట కట్టవచ్చునో, ఎచ్చట కట్టరాదో ఆ సంస్థయే నిర్ణయించును. ఊళ్ల మురుగును సరస్సులో కలియనీయక కొండలకు ఆవలకు పంపివేసిరి. తేట పూర్వస్థితికి రాలేదు గాని, ఏటేట తరుగుచున్న దానికి చాలవరకు అడ్డుపడినది.

ఇందు మనము నేర్వవలసినవి రెండు. పొలిమేరపై నున్న నీటికి ఒక్కటే యజమాని సభ యుండవలెను. ఆ సభ మాటలతో గాక కొలతతో పనిచేయవలెను. త్రాడు, పళ్లెము కొనుటకు మన సంఘమునకు శక్తి లేదా?

7. ఇంటిదగ్గరి హెచ్చరిక

మంచి యుదాహరణము దూరమునుండి తెచ్చితిమి. చెడు యుదాహరణము దగ్గరనే కలదు. కొల్లేరు కొండనడిమి సరస్సు గాదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లమునందలి మంచినీటి సరస్సు. దాని కథ సహకార సంఘములవారు ముఖ్యముగా వినదగినది. 1970ల నాటి దశకమున ప్రభుత్వమే బీద కుటుంబములకు మేలుకలుగునని సరస్సులో చేపల చెరువులు త్రవ్వించి సహకార సంఘముల కిచ్చెను. ఉద్దేశము మంచిది. కాని సంఘముల పేరున ధనవంతులు గుత్తలు పట్టిరి. ఒక గట్టు వెంట మరియొక గట్టు లేచెను. నీరు పారు దారులు మూసికొనిపోయెను.

1999లో ప్రభుత్వమే ఐదవ అడుగు కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో కొల్లేరు చేరెను. 2006లో అదే ప్రభుత్వము యంత్రములతోను ప్రేలుడు పదార్థములతోను చేపల చెరువుల గట్లను పగులగొట్టించెను. గుత్తదారు తన సొమ్మును ముందే రాబట్టుకొని యుండెను. చివరకు ఎక్కువ నష్టపడినవారు పేరుకు సభ్యులైన బీదలు.

సభ్యులారా, ఒక శాఖ ఇచ్చినదానిని మరియొక శాఖ పగులగొట్టుట సహకారము గాదు. అట్లే సరస్సు గర్భమును పంచుకొనుటకు సహకార మను పేరు పెట్టినంతమాత్రమున అది సహకారము గాదు. అందరి ఆస్తిని కొందరు కలిసి తినినచో దానికి వేరు పేరు కలదు.

8. చట్టము మన చేతి కిచ్చిన పనిముట్లు

1997 నాటి రైతుల సేద్యపునీటి వ్యవస్థల నిర్వహణ చట్టము ప్రకారము ఆయకట్టులో భూమి గలవారితో నీటి వినియోగదారుల సంఘము లేర్పడినవి. వంతులు నిర్ణయించుట, మరమ్మతుల ప్రణాళిక వ్రాయుట, లెక్కలు వ్రాసి తనిఖీ చేయించుట ఆ సంఘముల పనులు. ఎన్నికనాడు మాత్రము జ్ఞాపకము వచ్చి, మిగిలిన దినములలో మరచిపోవుటకు గాదు అవి పుట్టినది.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమును గూడ ఎరిగియుండవలెను. చెరువులను, కుంటలను, వానికి నీరు తెచ్చు వాగులను వారసత్వ జలాశయములుగా ప్రకటించుటకును, వాని యెల్లలను శాశ్వతముగా గుర్తించి రాళ్లు పాతించుటకును, ఆక్రమణలను తొలగించుటకును ఆ చట్టము అధికార మిచ్చుచున్నది. ఎల్లరాయి పాతని చెరువునకు న్యాయస్థానమున సాక్ష్యము చెప్పువా డుండడు. కావున ఏ చెరువునకైనను మొదటి యర్జీ మరమ్మతు ధనమునకు గాదు, కొలతకు పెట్టుకొనుడు.

9. మన సంఘము చేయవలసినవి

మొదటిది, మన యింటిని మనము చక్కబెట్టుకొనవలెను. చెరువు గర్భమందలి పైరుపై గాని, అచ్చట వేయు బోరుపై గాని సంఘము అప్పు ఈయరాదు. అడిగినవాడు మన సభ్యుడే యైనను, కార్యవర్గమువాని బంధువే యైనను, ఈయరాదు. అప్పు ఇచ్చిననాడే సంఘము ఆక్రమణకు చేయూత నిచ్చిన దగును. అంతేకాక చెరువు నిండినయేడు ఆ పైరు మునుగును, ఆ బాకీ మొండిబాకీ యగును. ఇది ధర్మమును గాదు, వ్యాపారమును గాదు. ఆ నేలపై నాధారపడిన నిరుపేద యున్నచో వానికి వేరుచోట బ్రతుకుతెరువు చూపుమని ప్రభుత్వము నడుగుట మన విధి. నీటిలో నిలిపి ముంచుట మన విధి గాదు.

రెండవది, వేసవిలో అనుమతి పొంది పూడికమట్టిని పొలములకు తోలుకొనుడు. మెత్తని ఒండ్రు చేల్కనేలకు బలము. కాని కట్టమొదట త్రవ్వరాదు. ఒకేచోట గోతులు తీయరాదు. అడుగునున్న గట్టి జిగట పొరను తెగనరికినచో నీరు ఇంకిపోవును. పలుచగా, సమముగా, కట్టకు దూరముగా తీయవలెను.

మూడవది, వానలకు ముందు తూము తలుపులు, అలుగు, కట్టపై పొదలు, బొరియలు చూచి వ్రాతమూలముగా అధికారులకు తెలుపుడు. నోటిమాట గాలిలో పోవును. కాగితము దస్త్రములో నిలుచును.

నాలుగవది, నీరు నిండిన దినములలో వంతులవారీగా కట్టపై కాపలా నడువుడు. కట్ట వెనుక కొంచెము తేటనీరు ఊరుచున్నచో కనిపెట్టి యుండవలెను. ఆ నీరు మట్టితో కలిసి మురికిగా వచ్చుచున్నచో కట్టలోపలి మట్టి కొట్టుకొని పోవుచున్నదని యర్థము. క్షణమైనను జాగు చేయరాదు. అధికారులకు కబురు పంపుచు, ఆ చోట మొదట ఇసుక, దానిపై కంకర, దానిపై రాళ్లు పేర్చవలెను. అప్పుడు నీరు బయటికి పోవును గాని మట్టి నిలుచును. బంకమన్నుతో నోరు మూసినచో నీరు వేరొకచోట పొడుచుకొని వచ్చును.

ఐదవది, కొండమీది నిప్పు. ఎండకాలమున బీడీముక్క పారవేయుట, లేతగడ్డికై కొండ తగులబెట్టుట దిగువ చెరువులకు గొంతుకోత. పశువుల కాపరులకు ఈ సంగతి చెప్పవలసినది వారి యింటివారమగు మనమే. నిప్పు కనబడినచో అటవీ సిబ్బందికి తెలుపుడు. వారిని పగవారుగా చూడుట మానుడు. వారు కాచునది మన నీటి తలయే.

ఆరవది, సంవత్సరమున కొకసారి అటవీ, రెవెన్యూ, నీటిపారుదల శాఖలవారిని, పంచాయతీవారిని, నీటిసంఘమువారిని ఒకే దినమున చెరువుకట్టపైకి పిలువుడు. కచేరీలో గాదు, కట్టపైన. అందరును కలిసి కట్ట ఈ కొననుండి ఆ కొనవరకు నడిచి, చూచినది అచ్చటనే వ్రాసి, ఎవరి పని యేదో, ఏ తేదీలోపల చేయవలెనో నిర్ణయించి చేవ్రాళ్లు చేయవలెను. పొలిమేర దోషమునకు ఇంతకంటె చవుకైన మందు లేదు.

10. ముగింపు

కంభము చెరువు కట్టించినవారి సంతతి నేడు సింహాసనముపై లేదు. పోరుమామిళ్లలో రాళ్లు తోలిన నూరు బండ్లవారి పేర్లు శాసనములో లేవు. రాజ్యములు పోయినవి, కంపెనీలు పోయినవి. మన కాలువనే చూడుడు: 1863లో ఒక కంపెనీ మొదలుపెట్టగా, 1882లో ప్రభుత్వము పుచ్చుకొనెను. ఇన్ని చేతులు మారినను నీరు పారుచునే యున్నది. ఏలయన, ప్రతితరమున ఎవరో కొందరు గండి కనబడినప్పుడు ఇది నా పని గాదని అనక, పార పుచ్చుకొని నడిచిరి. ప్రభుత్వము మొదటి యంగము, పనివారు పండ్రెండవ యంగము. మొదటిది తన పని చేయుమని నిర్భయముగా అడుగుటకు అర్హత, పండ్రెండవది తన పని చేసిననాడే వచ్చును.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామపు చెరువునకు గాని కుంటకు గాని ఎల్లరాళ్లు కలవా? ఎవరైనను చూచితిరా?
2. మీ చెరువు గర్భము ఎన్ని యెకరములు? ఏటికి అంగుళము పూడిక చేరినచో ఎన్ని యెకరముల వరి పోవునో లెక్క వేయుడు.
3. శాసనములోని ఆరు దోషములలో మీ చెరువునకు ఏవి కలవు? వానిలో మనుష్యుల వలన వచ్చిన వేవి?
4. చెరువు గర్భమున పైరు పెట్టిన సభ్యునికి అప్పు నిరాకరించినచో, అతనికి సంఘము చూపదగిన వేరు మార్గ మేమి?
5. రాబోవు వానలకు ముందు కట్టపై కలిసి నడుచుటకు ఏ దినము నిర్ణయింతము?